పెడచేతి ఇల్లు

ఆ ఇంట్లోవాళ్ళు తలుపు గడియ దగ్గర్నుంచి కన్నపిల్ల దాకా దేన్నయినా పెడచేత్తోనే తాకుతారని ఇస్త్రీ ఆవిడ కుట్టుమిషను పిన్నితో అందిట. అరచేత్తో తాకితే అరిగిపోతారనా అని పిన్ని అడిగిందిట. అదేం కాదు, ఆ ఇంటి గోడల్లో చచ్చిపోయిన పెద్దాయన ఇంకా తిరుగుతున్నాడు, అరచెయ్యి అందిస్తే పట్టుకుని వదలడు, అందుకే చేతి వెనకవైపు చూపించి పలకరిస్తారని ఇస్త్రీ ఆవిడ గొంతు తగ్గించి మరీ చెప్పిందిట. పిన్ని ఆ మాటని తన కొలతకి కత్తిరించి, అంచులు కుట్టి, నాలుగిళ్ళకి పంచింది. పంచగా పంచగా మిగిలిన ముక్క ఆ ఇంటి కోడలి చెవినే పడింది.

కోడలికి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచనొచ్చింది. పిన్ని చెప్పినదాంట్లో దయ్యం ఒక్కటే అబద్ధం.

ఆ ఇల్లు కట్టించి, గోడల్లో తీగలు పరిచినాయన ఆమె మామగారు. పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ ఆయన కరెంటాయనే. చుట్టుపక్కల వీధుల్లో వెలిగే దీపాల్లో సగం ఆయన చేతి చలవ. పనిలో ఆయనకో పద్ధతుండేది. ముందూ వెనకా తెలియని తీగ ఎదురైతే మొదట పెడచేత్తో, దోమ వాలినంత మెల్లగా, తాకి చూసేవాడు. కరెంటు తగిలిన చెయ్యి ముడుచుకుపోతుంది. అరచేత్తో పట్టుకున్నవాడి చెయ్యి ముడుచుకుంటే తీగని ఇంకా బిగించి పట్టుకుంటుంది, ప్రాణం పోయేదాకా వదలదు. పెడచెయ్యి ముడుచుకుంటే తీగకి దూరం జరుగుతుంది. జేబులో టెస్టరున్నా ఆయన చెయ్యి ఆ అలవాటు మానలేదు. తీగలతో మొదలైంది గిన్నెలకి పాకింది, గడియలకి పాకింది, జ్వరం చూడ్డానికి పిల్లాడి నుదుటికి పాకింది. భార్యకి అంటింది, కొడుక్కి అంటింది. ఆయన పోయాడు, అలవాటు ఉండిపోయింది.

ఆయన పోయిన కొన్నాళ్ళకి బట్టలుతికే చోట కుళాయి జిల్లుమనడం మొదలుపెట్టింది. వంటింటి వెనక ఇరుకైన చోటు అది. వాషింగు మిషను, దాని ప్లగ్గు, పక్కనే ఇనప కుళాయి, కింద ఏ కాలంలోనూ పూర్తిగా ఆరని నేల. కుళాయిని తాకితే వేళ్ళ చివర్ల నుంచి మోచేతి దాకా సన్నగా ఏదో పాకేది. షాకు అనడానికి లేదు. చీమల బారు నిద్రలో నడుస్తున్నట్టుండేది. ఇంకొకరి ఇంట్లో అయితే మర్నాడే మనిషిని పిలుచుకొచ్చేవాళ్ళు. ఇది కరెంటాయన ఇల్లాయె. ఆయన పని చూడమని ఇంకొకణ్ణి పిలవడమంటే వంటవాడి ఇంట్లో పక్కింటి కూర వడ్డించినట్టు. అందుకని అత్తగారు ఆ జిల్లుకి వేరే అర్థం చెప్పుకుంది.

"లేచారా," అని పొద్దున్నే కుళాయికి పెడచెయ్యి ఆనించి అడిగేది. జిల్లుమనేది. "లేచారు," అని తనే చెప్పుకుని, అప్పుడు కుళాయికి పొడిగుడ్డ చుట్టి నీళ్ళు తిప్పేది.

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు ఇంటి పద్ధతులు నేర్పింది. వేరే ఇళ్ళల్లో అత్తలు పప్పు డబ్బా ఎక్కడుందో చూపిస్తారు. ఈవిడ చెక్కపలక చూపించింది.

"దీనిమీద నిలబడు. రబ్బరు చెప్పులు విప్పకు. ముందు పెడచెయ్యి. మీ మామగారు పలకరించాక గుడ్డ చుట్టి తిప్పు. భయపడకు, ఆయన ఆడవాళ్ళనెప్పుడూ గట్టిగా కసిరింది లేదు."

నిజం చెప్పాలంటే కోడలికీ ఆ జిల్లు నచ్చింది. బతికుండగా తను చూడని మనిషి రోజూ పొద్దున ఒక్క క్షణం పలకరించిపోతున్నట్టు ఉండేది. గువ్వ కడుపులో ఉన్నప్పుడు, కుళాయి తాకితే లోపల అది కదిలినట్టనిపించేది. తాతా మనవరాలూ గోడకీ కడుపుకీ మధ్య ఏదో మాట్లాడుకుంటున్నారని అనుకునేది. ఎవరితోనైనా అంటే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

గువ్వ పుట్టింది. ఎప్పుడూ గొంతులో కువకువలాడుతుందని ఆ పేరు. అది బోర్లా పడింది, పాకింది, ఇల్లు దానిదైపోయింది.

ఆ ఇంట్లో మధ్యాహ్నాలు చాలా పొడుగు. మొగుడు బేకరీలో బట్టీ దగ్గర పని, తెల్లారకముందే వెళ్ళి మిట్టమధ్యాహ్నం పిండివాసనతో వచ్చి, తిని, పిండిబస్తాలా పడుకుంటాడు. అత్తగారు కుర్చీలోనే కునుకు తీస్తుంది. ఫ్యాను గాలికి కర్టెన్లు ఊపిరి పీల్చి వదులుతుంటాయి. వెనక ఎక్కడో కుళాయి బొట్టు బొట్టుగా తనలో తాను ఏదో గొణుక్కుంటుంది. కోడలు చాపమీద పిల్ల పక్కన పడుకుని కళ్ళు మూసుకుంటే గోడలు పల్చబడేవి. సున్నం వెనక, ఇటికల వెనక, సన్నటి వెలుగు తీగలు వాగుల్లా పారడం కనపడేది. వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి మేడమీదికి, చప్పుడు లేకుండా పారేవి. వెనకచోటు దగ్గరికొచ్చేసరికి ఒక వాగు గట్టు తెంచుకునేది. వెలుగు నేలమీదికి జారి, తడిలో పరుచుకుని, గడప దాటి, చాప అంచు దాకా వచ్చి ఆగేది. అందులో భయం ఉండేది కాదు. వెచ్చగా, బంగారంలా, ఎవరో దుప్పటి కప్పడానికి వస్తున్నట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆ వెలుగు చెంపని తాకింది. కళ్ళు తెరిస్తే గువ్వ. చాపమీద కూర్చుని, చిట్టి చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనక ఎముకలతో, దోమ వాలినంత మెల్లగా తల్లి చెంప తాకి చూస్తోంది. తాకి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఏమవుతుందోనని ఎదురుచూస్తోంది.

అత్తగారు కునుకులోంచి తేరుకుని అది చూసింది. మొహం విచ్చుకుంది. "ఒరేయ్, లేవరా, నీ కూతుర్ని చూడు. అచ్చం మీ నాన్న. ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది."

మొగుడు లేచి చూసి మురిసిపోయాడు. "ఇంకేం, పిల్ల ఆ కుళాయి దాకా పాకుతుందన్న నీ భయం తీరింది కదా," అన్నాడు పెళ్ళాంతో. "దానికి జాగ్రత్త పుట్టుకతోనే ఉంది."

కోడలు పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. కన్నపిల్ల తన మొహాన్ని తెలియని తీగలా తాకింది. ఆ చల్లటి చిన్న ఎముకల స్పర్శ చెంపమీద చాలాసేపు ఉండిపోయింది. ఇంకో సంగతి ఆమెకి తెలుసు, వాళ్ళిద్దరికీ తట్టలేదు. పసిపిల్ల చెయ్యి నేర్చుకుంటుందేమో గానీ, నోరు నేర్చుకోదు. చెప్పు దొరికినా, తాళంచెవి దొరికినా ముందు నోట్లోకే. రేపో మాపో గడప దాటుతుంది. తడి నేలమీద ఉత్త మోకాళ్ళతో కూర్చుని, మెరిసే కుళాయి ముక్కుకి నోరు పెడుతుంది. చీమల బారు అప్పుడు నిద్రలో నడవదు.

ఆ సాయంత్రమే మొగుణ్ణి పట్టుకుంది.

"ఏవండీ, ఎక్కడన్నా కరెంటు లీకయితే దానంతటదే మీట పడిపోయి ఆపేసే డబ్బా ఏదో ఉంటుందిట కదా. పెట్టిద్దాం."

"అమ్మనడుగు."

"మీరడగొచ్చుగా."

"నేనడిగితే ఏడుస్తుంది. నువ్వడిగితే తిడుతుంది. తిట్లయితే తట్టుకోగలం," అని అటు తిరిగి పడుకున్నాడు. బేకరీలో అంత వేడికి నిలబడే మనిషి, తల్లి కంటితడికి మాత్రం నానిన రొట్టెముక్క అయిపోతాడు.

ఇలా కాదని కోడలు పిల్లని చంకనేసుకుని నిచ్చెన కొట్టుకి వెళ్ళింది. నిచ్చెన అంటే మనిషే. కరెంటాయన దగ్గర పని నేర్చుకున్నవాడు. ఎంత పొడుగంటే ఫ్యాను బిగించడానికి స్టూలు అడగడు, అందుకా పేరు. కొట్లో తీగల చుట్టలు వేలాడుతుంటే వాటి మధ్య మోకాళ్ళు చెవులదాకా మడుచుకుని కూర్చునున్నాడు.

"ఆ డబ్బా ఇంట్లో ఎక్కడెక్కడ ఉండాలి అన్నయ్యా?" అని అడిగింది.

"తడి చెయ్యీ ఉత్త కాలూ ఎక్కడుంటాయో అక్కడికి వెళ్ళే ప్రతి లైనుకీ, చెల్లెమ్మా. స్నానాలగది. వంటింట్లో గిన్నెలు తోమే తొట్టి పక్క ప్లగ్గు. బట్టలుతికే చోటు సరేసరి. మేడమీద మోటారు. గుమ్మం బయట ప్లగ్గుంటే దానికీను, వాన అడిగి రాదు కదా. ఇంటంతటికీ మొదట్లోనే ఒకటి పెడితే అన్నీ దాని కింద ఉంటాయి."

"మనింట్లో ఫ్యూజు ఉంది కదా, అది చాలదా అంటారు మా అత్తగారబ్బాయి గారు."

"అత్తగారబ్బాయంటే మీ ఆయనేగా," అని నవ్వాడు. "ఫ్యూజు ఇల్లు తగలబడకుండా చూస్తుంది. మనిషిని చూడదు. మనిషి పోవడానికి ఫ్యూజు కరిగేంత కరెంటు అక్కర్లేదు. ఇది వేరు. ఇది అనుమానప్పక్షి అత్తగారనుకో. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. బయటికెళ్ళిన కరెంటు వెళ్ళినంతా ఇంటికి తిరిగొచ్చిందా అని చూస్తుంది. కాస్త తగ్గిందా, ఎక్కడ ఎవరి ఒంట్లోకి పోయావే అని అడగదు. రెప్పపాటులో తలుపేసేస్తుంది."

"అయితే రేపే వచ్చి పెట్టు."

నిచ్చెన నవ్వు ఆగిపోయింది. "నాచేత గురువుగారి ఇంట్లో వేలు పెట్టించకు. నాకు ప్లయరు పట్టుకోవడం నేర్పిందే ఆయన. ఇదిగో, ఇలాగ వేళ్ళమీద కొట్టి నేర్పాడు."

"గోడ జోలికి వెళ్ళొద్దు. డబ్బా ఒక్కటి పెట్టు. అమ్మగారి చేత నేను పిలిపిస్తాను."

చంకలో గువ్వ చెయ్యి తిరగేసి, వేలాడే తీగచుట్టని పెడచేత్తో తాకింది. నిచ్చెన అది చూశాడు. చూసి, చాలాసేపు టేబులు సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు.

"పిలిస్తే వస్తాలే," అన్నాడు.

మర్నాడు అత్తాకోడళ్ళు దుప్పటి చెరో కొసా పట్టుకుని మడత పెడుతున్నారు. దుప్పటి మధ్యలో ఉన్నప్పుడు ఎవరూ ఎవరినీ వదిలి పోలేరు, మాటకి అదే మంచి సమయమని కోడలు చూసుకుంది. విషయం చెప్పింది.

"ఆయన చేతి పనికి కాపలా పెట్టిస్తావా," అంది అత్తగారు.

"కాపలా కాదత్తయ్యా. మామయ్యగారి రోజుల్లో అవి లేవుట. ఉండుంటే వీధిలో మొదటి డబ్బా మనింటికే తెచ్చేవారు కదా అని."

అత్తగారు తన కొస తెచ్చి కోడలి కొసకి కలిపింది. "తెచ్చేవారే. తెచ్చి, రేపు బిగిస్తానని అటక మీద పడేసేవారు. ఊరందరికీ ఈ రోజు, మనింటికి రేపు." నవ్వింది గానీ నవ్వు ఎక్కువ దూరం పోలేదు. "సరే, పెట్టించు. ఒక్క షరతు. అది పడకుండా నిలబడితే ఉంటుంది. పడిందనుకో, ఆయన పనిలో లోపముందని వీధికి టముకు వేసినట్టే. అలాంటిది నా గోడమీద ఉండదు."

కోడలు సరేనంది. సరేనన్నాక గానీ తెలియలేదు, తను దేనికి ఒప్పుకుందో. ఆ డబ్బా పడడానికే పుట్టింది. ఇంట్లో కారుతున్న కరెంటుందని తనకి తెలుసు, అత్తగారికీ తెలుసు, దానికి ఇద్దరూ పెట్టుకున్న పేర్లే వేరు.

బేకరీకి సెలవు రోజు పొద్దున నిచ్చెన వచ్చాడు. గుమ్మంలో తల వంచి, గోడమీద గురువుగారి ఫొటో ముందు ఇంకోసారి తల వంచి, మీటరు పక్కన పని మొదలుపెట్టాడు. మొగుడు పక్కన నిలబడి ఒక్కొక్క స్క్రూ అందించాడు. అత్తగారు కుర్చీ వాకిలి కెదురుగా వేయించుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడలు గువ్వని కిందికి దింపి స్తంభంలా నిలబడింది.

నిచ్చెన మీట పైకి లేపాడు.

టక్కున పడింది.

మళ్ళీ లేపాడు. మళ్ళీ పడింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. వంటింట్లో ఫ్రిజ్జు ఒకసారి దగ్గి ఊరుకుంది. ఇల్లు ఇన్నాళ్ళుగా ఏదో పాట సన్నగా మూలుగుతూనే ఉందని, అది ఆగాక గానీ ఎవరికీ తెలియలేదు. అంత నిశ్శబ్దంలో వీధి చివర సైకిలు బెల్లు కూడా పక్కగదిలో మోగినట్టుంది. వెలుతురు నీళ్ళడుగున ఉన్నట్టు మెత్తగా, ఆకుపచ్చగా నిలబడింది.

"డబ్బాలో ఏదో లోపం ఉండుంటుంది," అన్నాడు మొగుడు, ఎవరి మొహమూ చూడకుండా.

"తీసెయ్ నాయనా," అంది అత్తగారు. "నువ్వు చెయ్యాల్సింది చేశావు. తీసేసి ఎప్పట్లా కలిపేసి పో."

నిచ్చెన స్క్రూడ్రైవరు తిప్పబోయి కోడలి వైపు చూశాడు. కోడలు అతన్ని చూడలేదు. పిల్ల కోసం చూస్తోంది. కాళ్ళ దగ్గర పిల్ల లేదు.

వంటింటి వెనక నుంచి కువకువ వినిపించింది.

వెళ్ళి చూస్తే గువ్వ గడప దాటేసింది. తడి నేలమీద ఉత్త మోకాళ్ళతో కూర్చుంది. ముందు పెడచేత్తో కుళాయిని తాకింది. ఏమీ కాలేదు. చెయ్యి తిప్పింది. రెండు అరచేతులతో కుళాయిని గట్టిగా పట్టుకుని, పైకి లేచి నిలబడి, దాని ముక్కుని నోట్లో పెట్టుకుని చీకుతోంది. నీటి బొట్లు గడ్డం మీదుగా గౌనులోకి కారుతున్నాయి. జీవితంలో మొదటిసారి తన కాళ్ళమీద నిలబడ్డానన్న సంగతి దానికి పట్టలేదు.

నలుగురూ గడప దగ్గర ఆగిపోయారు. కోడలికి మధ్యాహ్నాల్లో కనపడే ఆ బంగారు వాగు గుర్తొచ్చింది. ఇప్పుడది గోడలో కదలకుండా నిద్రపోతోంది. ఎంతసేపు నిద్రపోతుందో అత్తగారి ఒక్క మాటమీద ఉంది.

"అత్తయ్యా," అంది. "ఇప్పుడు చెప్పండి, ఎప్పట్లా కలిపెయ్యమని."

అత్తగారు రబ్బరు చెప్పులు వేసుకోకుండానే నడిచి వెళ్ళింది. చెక్కపలక ఎక్కలేదు. పిల్ల తలమీదుగా వంగి, కుళాయికి పెడచెయ్యి ఆనించింది. పెదాలు కదిలాయి. రోజూ అడిగే మాటే అడిగిందేమో, బయటికి వినపడలేదు. ఆనించిన చెయ్యి అలాగే ఉంచింది. తర్వాత నెమ్మదిగా చెయ్యి తిప్పి, అరచేత్తో, పిల్ల చేతులమీదుగా కుళాయిని పట్టుకుంది. అది ఇనుములా చల్లగా ఉండి ఉంటుంది. ఇనుమే కదా.

"ఎక్కడ కారుతోందో చూడు నాయనా," అంది తిరక్కుండానే.

కోడలు పిల్లని కుళాయి నుంచి విడిపించి చంకనేసుకుంది, అత్తగారూ వెనక్కి జరిగింది. నిచ్చెన ఇల్లంతటి లైన్లూ విడదీసి ఒక్కొక్కటీ కలుపుతూ వచ్చాడు. స్నానాలగది లైను కలిపాడు, మీట నిలబడింది. వంటిల్లు కలిపాడు, నిలబడింది. మేడమీద మోటారుకీ నిలబడింది. ఒక్కొక్క లైను నిలబడినప్పుడల్లా అత్తగారి వీపు కాస్త నిటారయ్యేది. వెనకచోటు లైను కలపగానే టక్కుమంది. దాన్ని విడదీసి పక్కన పెట్టి, ఉలీ సుత్తీ తీసుకుని కుళాయి పక్క గోడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గోడకి చెవి ఆనించి, వేలితో తట్టి, చెమ్మ ఉబ్బిన చోట మొదలుపెట్టాడు. సున్నం తడిసిన బిస్కట్టులా రాలింది. మొగుడు రాలిన సున్నం చేట్లోకి ఎత్తాడు. గువ్వ తల్లి చంకలోంచి వంగి వంగి చూస్తోంది.

లోపల తీగ కనపడింది. సాఫీగా పోతున్న తీగ ఒక చోట లావయింది. రెండు ముక్కలు మెలేసి కలిపిన అతుకు. దాని చుట్టూ నల్లటి గుడ్డటేపు, నాని, చీకి, వేలు పెడితే బూజులా ఊడొచ్చేటట్టుంది. గోడలో అతుకు పెట్టకూడదని పని నేర్చుకునేవాడికి మొదటి రోజే చెబుతారు. నిచ్చెనకి ఎవరు చెప్పారో అందరికీ తెలుసు. టేపు చివర పద్ధతిగా, మళ్ళీ విప్పడానికి వీలుగా, చిన్న మడత పెట్టి ఉంది.

రేపు సరిచేద్దామనుకున్నవాడి మడత అది. కోడలు చూసింది. నిచ్చెన ప్లయరుతో అటూ ఇటూ తుంచి, ఆ ముక్క పిడికిట్లో దాచేశాడు.

"ఎలకమ్మా," అన్నాడు లేస్తూ. పొడుగు మనిషి, లేవడానికి చాలాసేపు పట్టింది. "ఎలక కొరికింది. గురువుగారి వైరింగుకి వంక లేదు. ఈ పూటే కొత్త తీగ లాగేస్తాను."

"అవునవును, ఈ మధ్య ఎలకలు మరీ ఎక్కువైపోయాయి," అన్నాడు మొగుడు వెంటనే.

"మొన్న నేనూ ఒకదాన్ని చూశాను," అంది కోడలు. ఎందుకందో ఆమెకే తెలియదు. అబద్ధం నోట్లోంచి పాలపన్నులా నొప్పి లేకుండా ఊడొచ్చింది.

అత్తగారు చెయ్యి చాచింది. నిచ్చెన కాసేపు తటపటాయించి పిడికిలి విప్పాడు. ఆవిడ ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి తిప్పింది. గోటితో మడత పట్టుకుని ఒక చుట్టు విప్పింది. ఇంకో చుట్టు విప్పింది. నల్లటి మసి వేళ్ళకి అంటింది.

"ఎలక కొరుకుతుంది నాయనా," అంది. "కొరికి, టేపు చుట్టి పోదు."